గంటకు డెబ్బై

వనిత చేతుల మీద సిరిసిల్ల షెడ్డులో ఒక పరాచికం ఉంది. ఆమె కూర్చున్న మిషనుకు కరెంటు అక్కర్లేదట, ఆ చేతుల ఊపుకే తిరుగుతుందట. ఈ మాట పుట్టించింది కాలర్లు కుట్టే సుధ. సుధ నోటికి తాళమూ లేదు, తలుపూ లేదు. అయినా అందులో అబద్ధం పాలు తక్కువే. బడిపిల్లల చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో వనితది జేబులు అతికించే పని. ఇస్త్రీ చేసిన జేబు ముక్కను సుద్దగీతల మీద ఆనించి, ఎడమ అరచేత్తో అదిమి, మూడు వైపులా కుట్టు తిప్పి, మూలల్లో రెండు పోట్లు వెనక్కి వేసి, దారం తెంపి అవతల పడేసేది. ఒకటి కింద పడేసరికి రెండోది సూది కింద ఉండేది. టార్గెట్టు గంటకు యాభై. ఆమె అరవై దాటించి, ఏమీ ఎరగనట్టు నీళ్లు తాగడానికి లేచేది.

గురువారం పొద్దున మేనేజరు రవీందర్ లైను మధ్యకు వచ్చి చప్పట్లు కొట్టాడు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"శనివారం హైదరాబాద్‌కెళ్లి సారు అస్తుండు. టైం కొలుస్తడు. జేబుల కాడ వనిత కూసుంటది. ఆమె గంటకు ఎన్ని కుడితే గదాన్ని బట్టి జేబులోళ్లకు కొత్త టార్గెట్ పెడ్తరు. కాలర్ల సంగతి వచ్చే వారం."

అందరిలోకీ పొడుగ్గా ఉన్నవాడి కొలత తీసి ఊరందరికీ అదే చొక్కా కుట్టించే పద్ధతి ఇది. దానికో ఇంగ్లీషు పేరు పెడతారు కాబట్టి ఎవరూ నవ్వరు. పక్క మిషను మీదున్న కహకషాన్ అయితే నవ్వు కాదు కదా, చేతిలోని జేబు ముక్కను కింద పెట్టడమే మరిచిపోయింది. ఆ పిల్లది జగిత్యాల. సిరిసిల్లలో ఖాలా, అంటే పిన్ని ఇంట్లో ఉండి పనికి వస్తోంది. ఎనిమిది నెలలైంది. పుట్టి బుద్ధెరిగాక చేస్తున్న మొదటి పని. వనితే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. గంటకు యాభై అందుకోవడం మొన్న మొన్నటి సంగతి.

మధ్యాహ్నం షెడ్డు వెనక రేకుల నీడలో టిఫిన్లు విప్పారు. కహకషాన్ దాల్ డబ్బా మూత తీయకుండానే పట్టుకుని కూర్చుంది.

"వనితక్కా, యాభై కుట్టేసరికే నాకు పానం పోతున్నది. ఇంకా పెంచిన్రంటే నన్ను దారాల టేబుల్ కాడికి తోలుతరు."

దారాల టేబుల్ షెడ్డు చివర కిటికీ పక్కన ఉంటుంది. కుట్టు పూర్తయిన చొక్కాలకు వేలాడే దారాలను చిన్న కత్తెరలతో కత్తిరించే చోటు. నడుము పట్టేసినవాళ్లు, మోకాళ్లు అరిగినవాళ్లు, టార్గెట్టు అందనివాళ్లు అక్కడ కూర్చుంటారు. మిషను మీద నుంచి అక్కడికి వెళ్లినవాళ్లు ఉన్నారు గానీ, అక్కడి నుంచి మిషను మీదికి తిరిగి వచ్చినవాళ్లను ఎవరూ చూడలేదు.

"ఆడ గూడ పనే గద బిడ్డా," అంది వనిత ఓదార్పుగా.

"నీకు తెల్వదక్కా. మా అమ్మీ పెండ్లి గాకముందు జగిత్యాల్ల ఒక టైలర్ దుకాన్ల గుండీలు కుట్టింది. గంతే. తర్వాత యాడికి పోయినా, ముందుగాల ఏం పని చేసినవమ్మా అని అడుగుతరు. గుండీలు అంటది. ఇగ మళ్ల గుండీలే చేతుల పెడ్తరు. ఆమెకు కటింగ్ అస్తది, షేర్వానీ గూడ కుడ్తది. ఎవరన్న చూస్తె గద! యాభై ఏండ్లచ్చినయ్. ఇప్పటికీ గుండీలే." కహకషాన్ మెడలో వేలాడే కార్డు పట్టుకుని చూపించింది. "నా కార్డు మీద ఆపరేటర్ అని ఉన్నది. హెల్పర్ అని మార్చిన్రంటే నా బతుకంత హెల్పరే అక్కా. ఖసం."

సుధ చెయ్యి కడుక్కుని వచ్చి ఇద్దరి మధ్యా చతికిలబడింది.

"గింత దానికి ఏడుపెందుకే? వనితక్క శనివారం ఒక్క గంట చేతులు ఆపుకుంటే అయిపాయె. యాభై రెండో, మూడో కుడ్తది. సారు రాసుకొని పోతడు. ఎవల కడుపు మీదా దెబ్బ పడది. ఏమంటవ్ అక్కా?"

"ఆపుకుంట. గంత మాత్రం చేతగాదా?" అని వనిత కహకషాన్ చేతిలో చెయ్యి వేసింది.

శుక్రవారమంతా సాధన చేసింది. ఒక జేబు కుట్టి, మనసులో పది లెక్కపెట్టుకుని, రెండోది అందుకునేది. మొదట్లో ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉండేది. సాయంత్రానికి కుదిరింది. గంటకు యాభై నాలుగు. కహకషాన్ చూసి మొహం నిండా నవ్వింది.

ఇంటికి బయల్దేరుతుంటే రవీందర్ గదిలోకి పిలిచాడు.

"వనితా, రేపు మంచిగ కుట్టు. లైన్ సూపర్‌వైజర్ జాగ ఖాళీ ఉన్నది. పై సారు ముంగట నీ పేరే చెప్త."

ఆమె తలూపి బయటికి వచ్చింది. గడపలో సుధ ఎదురైంది. "ఏమన్నడు?" అని అడిగింది. "ఏం లేదు, రేపు జల్ది రమ్మన్నడు," అంది వనిత. ఎందుకు దాచిందో ఆమెకే తెలియదు. ఇంటి దగ్గర సాంచాల మీద బట్ట నేసే పని దిగి వచ్చిన మొగుడు రామస్వామికి కూడా చెప్పలేదు. కూర తాలింపు వేస్తూ, కూర్చోకుండా లైను పొడుగునా నడిచే ఉద్యోగం ఎలా ఉంటుందో ఒకసారి తలచుకుంది. అంతే. తలచుకోవడం తప్పయితే లోకంలో తప్పు చేయనివాళ్లు ఉండరు.

శనివారం వచ్చిన హైదరాబాదు సారు మంచివాడు. అదే వచ్చిన చిక్కు. అరిచే మనిషైతే మొండికేయవచ్చు. ఈయన స్టూలు తెచ్చుకుని పక్కన కూర్చుని, "రోజూ ఎలా కుడతారో అలాగే కుట్టండమ్మా, తొందరేం లేదు," అన్నాడు. తొడ మీద అట్ట, దాని మీద కాగితం. చేతిలో నొక్కితే టక్కుమనే పెన్ను.

మొదటి పావుగంట అనుకున్నట్టే సాగింది. ఒక జేబు, లోపల పది లెక్క, ఇంకో జేబు. పదమూడు పడ్డాయి. పక్క మిషను మీద కహకషాన్ తల తిప్పి చిన్నగా నవ్వింది.

అప్పుడు సారు కాలు మీద కాలు వేసుకుని, ఒక్కో చొక్కా కింద పడగానే పెన్ను టక్కున నొక్కడం మొదలుపెట్టాడు. టక్. ఒక గీత. టక్. ఇంకో గీత.

వనిత భుజాలు ముందుకు వంగాయి. గడ్డం గుండెకు ఆనింది. మనసులో మూడు దాకా లెక్కపెట్టిందో లేదో చేతిలో ఇంకో జేబు ఉంది. 'ఆగు' అనుకుంది. చేతులు ఆగలేదు. 'ఆగవే' అని తిట్టుకుంది. ఒక మూల కావాలని వంకర తిప్పబోతే వేలు తనంతట తానే బట్టను సరిచేసింది. వెనక సుధ గట్టిగా దగ్గింది. రెండోసారి ఇంకా గట్టిగా దగ్గింది. వనితకు ఆ దగ్గు వినిపించింది, దాని అర్థం తెలిసింది, తెలిసి కూడా పాదం మిషను మీద ఇంకాస్త బలంగా పడింది. ముప్పై ఆరేళ్ల మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, తన రెండు చేతులను పరాయి చేతులను చూసినట్టు చూస్తూ కూర్చుంది.

"డెబ్బై నాలుగు!" అన్నాడు సారు గడియారం చూసి. "ఒక్కటీ వంకర పోలేదు. మొదట్లో కాస్త భయపడ్డట్టున్నారు, తర్వాత కుదురుకున్నారు. శభాషమ్మా."

ఆయన అటు వెళ్లగానే సుధ వచ్చి మిషను మీద చెయ్యి వేసి నిలబడింది.

"మాటిచ్చిన చేతులే గద అక్కా ఇవి? సూపర్‌వైజర్ కుర్సీ గంత తియ్యగుంటదా?" నిన్న గదిలో జరిగింది అప్పటికే షెడ్డంతా తెలిసిపోయినట్టుంది.

కహకషాన్ అవతల నిలబడి, వనిత కుట్టి పడేసిన చొక్కాల కుప్పకేసి చూస్తూ ఉండిపోయింది. తిట్టినా బాగుండేది. 'ఆశకు పోయి కుట్టలేదు' అని వనిత ఒట్టు వేయబోయింది. కానీ నిన్న తాలింపు వేస్తూ తలచుకున్నది గుర్తొచ్చి ఆ ఒట్టును మింగేసింది. టిఫిను డబ్బా కూడా మరిచిపోయి ఇంటికి నడిచింది.

ఆదివారం ఇంట్లో ఉండబుద్ధి కాలేదు. ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ల ఉచిత బస్సెక్కి, వేములవాడలో దిగి, రాజన్న మొక్కులకు వచ్చిన జనాన్ని తోసుకుని కోరుట్ల బస్సు పట్టుకుంది. తల్లి నాగవ్వ గడప పక్కన గోడకు ఆనుకుని, చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. కూతురు చెప్పాపెట్టకుండా వచ్చినందుకు లేవలేదు. చాట కొంచెం పక్కకు జరిపి చోటిచ్చింది. ఆ ఇంట్లో ప్రేమగా కూర్చోబెట్టడమంటే అదే.

వనిత కొంగు దోపుకుని కూర్చుని, తడి గుడ్డలో చుట్టిన తునికాకులు కొన్ని తన ఒళ్లోకి తీసుకుంది. ఖాళీ చేతులతో ఆ గడపలో ఎన్నడూ కూర్చోలేదు. ఆకులో తంబాకు పోసి, చుట్టి, మూతి మలిచి, దారం కడుతూ జరిగిందంతా చెప్పింది.

"డెబ్బై నాలుగా!" నాగవ్వ కళ్లు మెరిశాయి. "నా బిడ్డనా మజాకా! తొమ్మిదేండ్లకే నీ చేతిని వాడకట్టంత మెచ్చింది."

"మెచ్చేదానికి ఏమున్నదవ్వా? నా మూలంగ ఒక పిల్ల పని పోతున్నది. మాటిచ్చిన, తప్పిన. ఆపుదామంటే..." చెబుతూ చెబుతూ వనిత చేతులు మెల్లబడ్డాయి.

నాగవ్వ ఆమె వైపు చూడను కూడా లేదు. చేతిలో ఉన్న కత్తెరతో పక్కనున్న తంబాకు డబ్బా మీద ఒక్కటి కొట్టింది. టక్.

వనిత భుజాలు ముందుకు వంగాయి. గడ్డం గుండెకు ఆనింది. మాట మధ్యలో తెగిపోయింది. ఆకు, తంబాకు, చుట్టు, మూతి, దారం. మూడు బీడీలు అయ్యాక గానీ తనేం చేస్తోందో ఆమెకు తెలియలేదు.

"అవ్వా," అంది తల ఎత్తకుండా. "మళ్లొకసారి కొట్టు."

"ఏంది?"

"డబ్బా మీద కొట్టు."

నాగవ్వ కొట్టింది. వేళ్లు మళ్లీ ఉరికాయి. వనిత చాట పక్కకు నెట్టి రెండు చేతులనూ చంకల్లో బిగించుకుంది.

"గిది నువ్వు నేర్పిందే."

"నేర్పక? నిద్రకు తూగుతుంటివి. తిడితే ఏడుస్తుంటివి. తెల్లారితే కార్ఖానాల బీడీలు అప్పజెప్పాలె. గీ చప్పుడు చేస్తె సాలు, నీ చేతులు ఉరుకుతుండె." నాగవ్వ దారం పంటితో తెంపింది. ఇంకో ఆకు తీసుకుంటూ అంది, "నిన్ను కొట్టబుద్ధి గాక డబ్బాను కొట్టిన బిడ్డా."

వనితకు కోపం వచ్చింది. తల్లి మీద ఇంత కోపం ఎన్నడూ రాలేదు. కానీ ఆ కోపాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. ఎదురుగా ఉన్నది అరవై ఐదేళ్ల మనిషి. ఆమె వేళ్లు కూడా ఉరుకుతూనే ఉన్నాయి. ఆ వేళ్ల కోసం ఎవరు ఏ డబ్బా మీద కొట్టారో అడిగే ధైర్యం చాలలేదు.

"ఇప్పుడు ఆగుత లేవవ్వా. నేనాపినా ఆగుత లేవు."

"ఆగకపోతే ఆగకపాయె. ఎద్దు ఆగకపోతే కాడి దించాలె గని, ఎద్దుతోని కొట్లాడుతరా?" అని నాగవ్వ పక్కకు నెట్టిన చాటను మళ్లీ దగ్గరికి లాక్కుంది.

సోమవారం పొద్దున షెడ్డు గోడ మీది బోర్డులో జేబుల పక్కన యాభై తుడిచేసి డెబ్బై రాసి ఉంది. ఎవరూ వనితను పలకరించలేదు. టీ వేళకు అందరూ ఒకవైపు నిలబడ్డారు, ఆమె ఒకవైపు నిలబడింది. కహకషాన్ మాత్రం తల వంచుకుని కుడుతూనే ఉంది. టీకి లేవలేదు, నీళ్లకు లేవలేదు. తొందరలో రెండు జేబులు సుద్దగీత దాటిపోతే విప్పి మళ్లీ కుట్టింది. పదకొండింటికి రవీందర్ వచ్చి గంట లెక్క చూశాడు. నలభై ఎనిమిది.

"నువ్వు దారాల కాడికి పో. కార్డిటియ్యి. చేయి జర సాఫయినంక చూద్దాం."

కహకషాన్ మెడలోంచి కార్డు తీసింది. బతిమాలలేదు. దాని మీదున్న 'ఆపరేటర్' అనే మాటను బొటనవేలితో ఒకసారి తుడిచింది. దుమ్మేమీ లేదు. అయినా తుడిచి, అతని చేతిలో పెట్టింది.

వనిత మిషను ఆపి లేచింది.

"సారూ, గా పిల్లను ఉండనియ్యున్రి. దారాల కాడికి నేను పోత."

రవీందర్ నవ్వాడు. "పొద్దుగాల పొద్దుగాల మజాకా చేస్తున్నవా?"

"మజాకా కాదు. నా చెయ్యి చూసి గద డెబ్బై రాసిన్రు? నేనే మిషిన్ మీద లేకపోతే గా డెబ్బై ఎవరిది? సారును మళ్ల పిలువున్రి. ఉన్నోళ్లల్ల ఎవరినన్న కూసోవెట్టి కొలువున్రి."

మిషన్లు ఆగాయి. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"సూపర్‌వైజర్ జాగ పోతది," అన్నాడు రవీందర్ గొంతు తగ్గించి. "ఆపరేటర్ జీతం గూడ రాదు. దారాల కాడ కూసున్నోళ్లు మళ్ల ఇటు రారు, నీకు తెలుసు."

"తెలుసు."

"మరి నీకేం పిచ్చి లేసింది?"

"నా చేతులు నా మాట ఇంటలేవు సారూ. ఇనేదాక మిషిన్ ఎక్కను." పెద్దవాళ్ల ముందు ఇంత పొడుగు మాట జీవితంలో అనలేదు. మెడలోని కార్డు తీసి చేతికిచ్చింది.

శుక్రవారానికి సరుకు వెళ్లాలి. రెండు మిషన్లు ఖాళీగా పెట్టుకునే వీలు రవీందర్‌కు లేదు. అతను కహకషాన్ కార్డు ఆమె మిషను మీద పడేసి, వనిత కార్డు జేబులో వేసుకుని, "నీ ఖర్మ," అని వెళ్లిపోయాడు. సారును మళ్లీ పిలుస్తానని అనలేదు, పిలవనని కూడా అనలేదు. కహకషాన్ "అక్కా, వద్దక్కా," అని చెయ్యి పట్టుకుంది. వనిత ఆ చెయ్యి విడిపించి మిషను మీద పెట్టింది. సుధ ఏమీ అనకుండా ఉండటం ఆ షెడ్డులో అదే మొదటిసారి.

దారాల టేబుల్ దగ్గర నలుగురున్నారు. వాళ్లలో పెద్దది చిన్నవ్వ. ముస్తాబాద్ నుంచి ఆటోలో వస్తుంది. ఆమె పక్కకు జరిగి చోటిచ్చి, చిన్న కత్తెర చేతికిచ్చి, "కాలరు చూడు, చేతులు చూడు, జేబు చూడు, అంచు చూడు. గంతే పని," అంది.

వనిత గుండె మీది బరువు దిగింది. ఇక్కడ బోర్డు లేదు, పెన్ను లేదు, టార్గెట్టు లేదు. కిటికీలోంచి గాలి వస్తోంది. మంచి పనే చేశానని చాలా రోజుల తర్వాత తన మీద తనకు ఇష్టం కలిగింది. చొక్కా అందుకుంది. కాలరు, చేతులు, జేబు, అంచు. ఇంకోటి. కాలరు, చేతులు, జేబు, అంచు. తన ముందున్న కుప్ప అయిపోయింది. పక్కామె కుప్పలోంచి ఓ బొత్తి లాక్కుంది. పెద్దవాళ్లు కదా, సాయమవుతుందనుకుంది. అదీ అయిపోతే చిన్నవ్వ ముందున్న బొత్తి మీద చెయ్యి వేసింది.

చిన్నవ్వ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఆగు బిడ్డా."

వనిత తల ఎత్తింది. నలుగురూ కత్తెరలు ఆపి ఆమెనే చూస్తున్నారు. ఆ చూపుల్లో కోపం లేదు, భయం ఉంది.

"రవీందర్ సారు గా కొసకు నిలబడి ఇటే చూస్తుండు," అంది చిన్నవ్వ మెల్లగా. "రేపు మాకు గూడ గడియారం పెట్టిస్తవా? మిషిన్ మీదికెళ్లి తీసేస్తే ఈడికచ్చినం. ఈడికెళ్లి పోయేతందుకు ఇంకో బల్ల లేదు బిడ్డా."

వనితకు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పొద్దున వదిలేసిన జీతం కోసం, పోయిన కుర్చీ కోసం రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. "నేను గావాలని చేస్తలేను చిన్నవ్వా. చేతులు ఆగుత లేవు. ఏం జెయ్యాలె?" అంది.

"ఆటిని చూసుకుంట కూసుంటే ఎట్ల ఆగుతయి? ముచ్చట పెట్టుకుంట కొయ్యాలె. ఒక దారం, ఒక మాట. మేమట్లనే కోస్తం."

"నాకు ముచ్చట్లు రావు. పని కాడ ఎన్నడు మాట్లాడలే."

"రాకపోవుడేంది, మనిషివి కాదా?" చిన్నవ్వ ఒక చొక్కా ఆమె ముందుకు తోసింది. "నేను ముందు చెప్త. నాకు చిన్నప్పుడు తొక్కుడు బిళ్లంటే పానం. మా అవ్వ రొట్టెలు కాల్చే మట్టి పెంక పలగ్గొట్టి బిళ్ల చేసుకొని, గా పెంక ముక్కతోనే తన్నులు తిన్న." నలుగురూ నవ్వారు. ఒకామె నవ్వుతూనే ఒక దారం కత్తిరించింది. "ఇగ నువ్వు చెప్పు. చిన్నప్పుడు ఏమాడేటిదానివి?"

వనిత చొక్కా అందుకుంది. కాలరు దగ్గర వేలాడుతున్న దారం కిందికి కత్తెర పోనిచ్చింది.

"నేనా," అంది. "నేను..."

కోరుట్ల గడప గుర్తొచ్చింది. గడప ముందు వాడకట్టు. సాయంత్రాలు అక్కడ పిల్లల అరుపులు వినపడేవి. ఓడిపోయినవాళ్ల కేకలు, గెలిచినవాళ్ల గంతులు. ఎవరు అరిచేవారు? ఏం ఆడేవారు? తాడాటా, దాగుడుమూతలా? అరుపులు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. మొహాలు మాత్రం ఒక్కటీ లేవు. తల వంచి బీడీలు చుట్టినదానికి మొహాలెక్కడివి? ఒక్క ఆట అయినా, ఒక్క రోజైనా, వెతికితే దొరక్కపోతుందా అని వెతికింది.

"చెప్పు బిడ్డా," అంది చిన్నవ్వ.

వనిత ఇంకా వెతుకుతూనే ఉంది. కత్తెర దారం మీదే ఉంది. చెయ్యి కదలలేదు. చిన్నవ్వ తొందరపెట్టలేదు.